అవ్వ సందుగలోని నూలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో పెంకుటిళ్లు ఒక్కటొక్కటిగా పోయి స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. పెంకుటింటికి అటక ఉండేది. ఎప్పటికైనా పనికొస్తుందని దాని మీదికి ఎక్కించిన వస్తువు రెండు తరాలైనా అక్కడే ఉండేది. స్లాబు ఇంట్లో ఆ జాగ లేదు. అందుకే పాత ఇల్లు విప్పే రోజున ఇనుప సందుగలు కిందికి దిగుతాయి. మూత తీస్తే డాంబర్ గోళీల వాసన, దాని కింద అవ్వ కట్టిన గోచీ చీరలు, తాత ధోతులు, తలరుమాళ్లు, నడుమ పలచబడ్డ దుప్పట్లు, షోలాపూర్ చెద్దర్లు, ఏ పెండ్లికో పెట్టిన నారాయణపేట చీర. కొడుకు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటాడు. కూతుళ్లు తలా ఒక చీర తీసుకుంటారు. మిగిలిన మూటను ఏం చేయాలో ఎవరికీ తోచదు. కొన్నాళ్లు ఆ మూలా ఈ మూలా తిరిగి, చివరికి పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే బండి మీదికో, అడవి పందులు రాకుండా మక్క చేను చుట్టూ కట్టే కంచెకో చేరుతుంది.

ఆ మూటను విప్పి, చూసి, ఉతికి, మళ్లీ ఇంట్లో వాడుకోండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తాకకుండా దాచుకోమని చెప్పను. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న బట్ట ఆ మడత దగ్గరే చీలిపోతుంది. అదే బట్ట నాలుగు పొరలుగా కలిసి బొంత అయితే, రోజూ కప్పుకున్నా ఏళ్లకేళ్లు నడుస్తుంది.

తొందరపడి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. సందుగలో ఉన్నది నూలు, అదీ అరిగి మెత్తబడ్డ నూలు. ఈ నిల్వ మళ్లీ పుట్టేది కాదు. ఇవాళ డెబ్బై ఎనభై ఏళ్లున్న ఆడవాళ్లే రోజువారీగా నూలు చీర కట్టిన తరం. వాళ్ల కోడళ్ల బీరువాలు చాలావరకు పాలిస్టర్ చీరలతో నిండాయి. పక్కనే ఉన్న సిరిసిల్ల మరమగ్గాల మీద 2017 నుంచి ప్రభుత్వం నేయించి పంచిన బతుకమ్మ చీరలూ పాలిస్టర్‌వే. గోచీ కట్టే పెద్దవాళ్ల కోసం పొడుగు చీరలు వేరుగా నేయించారు, బాగానే ఆలోచించారు. సిరిసిల్ల నేతకార్మికులకు ఆ పథకం చేతినిండా పని ఇచ్చింది, అది చిన్న విషయం కాదు. కానీ ఇంకో ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా సందుగ తెరిస్తే, బొంతకు పనికొచ్చే బట్ట అందులో దొరకడం కష్టం.

నూలుకూ పాలిస్టర్‌కూ తేడా ఎక్కడొస్తుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. పత్తి పోగు సెల్యులోజ్‌తో తయారైంది. అది నీటిని లోపలికి రానిస్తుంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే నూలు తన బరువులో ఏడెనిమిది శాతం తేమను పట్టుకుని ఉంటుంది. పాలిస్టర్ పట్టుకునేది అర శాతం లోపే. ఒంటి చెమటను నూలు పీల్చి బయటికి వదులుతుంది, పాలిస్టర్ కింద చెమట చెమటగానే ఉండిపోతుంది. నూలుకు ఇంకో గుణం ఉంది. తడిస్తే దాని బలం తగ్గదు, పెరుగుతుంది. వాగు ఒడ్డున బండ మీద ఏళ్ల తరబడి బాదినా చీర నిలిచిందంటే అందుకే. ప్రతి ఉతుకులోనూ గంజి పోతుంది, మొండి కొసలు రాలిపోతాయి, పురి కొంచెం వదులవుతుంది. కొత్త బట్టకు ఎంత డబ్బు పెట్టినా రాని మెత్తదనం అలా వస్తుంది. మన ఇళ్లలో పురుడు తీరేదాకా పసిబిడ్డకు కొత్తబట్ట వేయకపోవడం, అమ్మమ్మ పాత చీరను పొత్తిగుడ్డలుగా చింపి వాడడం ఆచారమే కావచ్చు. పలచని చర్మానికి అంతకంటే తగిన బట్ట లేదన్నది మాత్రం నిజం.

బొంత ఎలా పనిచేస్తుంది

బొంతలో వెచ్చదనం బట్టది కాదు, బట్టల మధ్య కదలకుండా నిలిచిన గాలిది. ఒకే మందపాటి గుడ్డ కంటే నాలుగు పలచని పొరలు ఎక్కువ వెచ్చగా ఉంటాయి, ఎందుకంటే నాలుగు పొరల మధ్య గాలికి మూడు అరలు దొరుకుతాయి. ఆ పొరలు జారిపోకుండా, గాలి అటూ ఇటూ పారకుండా పట్టి ఉంచేది కుట్టు. కుట్టుకు ఇంకో పని కూడా ఉంది. పాత బట్ట ఎక్కడో ఒకచోట చిరుగుతుంది, అది తప్పదు. వరసలు దగ్గరగా ఉంటే ఆ చిరుగు పక్క వరసదాకా వచ్చి ఆగుతుంది, అంతకు మించి పాకదు. విడిగా ఒక రోజు కూడా ఆగని బట్ట బొంతలో ఏళ్లు నిలవడం వెనక ఉన్న సంగతి ఇదే.

గల్ఫ్ నుంచి వచ్చే మింక్ చెద్దర్లు కామారెడ్డి జిల్లాలో దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వాటి వెనక ఎడారిలో పడిన కష్టం ఉంది, వాటిని తక్కువ చేసి మాట్లాడను. పుష్య మాసపు చలిని అవి బాగానే ఆపుతాయి. కానీ మిగతా కాలాల్లో వాటిని కప్పుకోలేం. బొంతను మాత్రం పొరలు లెక్కపెట్టుకుని కుట్టుకోవచ్చు. రెండు పొరలైతే వానాకాలపు రాత్రికి, మూడు నాలుగు పొరలైతే చలికి, ఐదారు పొరలైతే కింద పరుచుకోవడానికి.

కొలతలు మన చీరలోనే ఉన్నాయి. గోచీ చీర తొమ్మిది గజాలు, అంటే దాదాపు 8.2 మీటర్లు. దాన్ని నాలుగు మడతలు వేస్తే ఒక్కో మడత రెండు మీటర్ల పైన వస్తుంది. పన్నా నాలుగు అడుగులకు కొంచెం తక్కువ. ఒక మనిషి పొడుగు, ఒక మనిషి వెడల్పు, నాలుగు పొరలు. ఎక్కడా కత్తెర పెట్టకుండా ఒకే ఒక్క చీరతో ఒకరి బొంత తయారు. ఇద్దరికి కావాలంటే ఐదున్నర మీటర్ల చీరను సగానికి కోసి, రెండు ముక్కల పన్నాలను పక్కపక్కన అతికితే 2.7 మీటర్ల పొడుగు, 2.3 మీటర్ల వెడల్పుతో ఒక పొర వస్తుంది. ఎన్ని పొరలు కావాలో అన్ని చీరలు తీసుకోవాలి. ముక్కల బొంత కుట్టాలనుకునే ముందు ఈ మామూలు బొంతను ఒకటి కుట్టి చూడమంటాను. చెయ్యి కుదురుతుంది, అవ్వ చీర ముక్కలు కాకుండా చీరగానే మిగులుతుంది.

కత్తెర పట్టేముందు

మూటలో ఏది నూలో, ఏది పట్టో, ఏది కలగలుపో ముందు తేల్చుకోవాలి. టెరికాట్ అనే కలగలుపు బట్ట వచ్చిన తర్వాతి దుప్పట్లు, ధోతులు చేతికి నూలులాగే తగులుతాయి. అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, ఇనుప పళ్లెం మీద అగ్గిపుల్ల అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిద మిగులుతుంది. పట్టయినా ఉన్నయినా వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, నల్లగా మిగిలిన ఉండను నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరుగుతుంది, చల్లారాక గోటికి నలగని గట్టి పూస మిగులుతుంది. కాగితం వాసనా వచ్చి, గట్టి పూసా మిగిలితే అది కలగలుపు బట్ట.

తర్వాత బలం. బట్టను ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. చీర ఒకే తీరుగా అరగదు. కూర్చునే చోట, కుచ్చెళ్లు దోపే చోట, నేలకు రాసుకునే కింది అంచు దగ్గర పలచబడుతుంది. కొంగు, లోపలి చుట్టు గట్టిగా ఉంటాయి. ధోతి కూర్చునే చోట, దుప్పటి నట్టనడుమ అరుగుతాయి. అనుమానం ఉన్న చోట రెండు చేతుల బొటనవేళ్లతో పట్టి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా లాగండి. చర్రుమంటే ఆ భాగం పైపొరకు పనికిరాదు, లోపలి పొరగా పెట్టుకోవచ్చు. పొడిపొడిగా రాలితే లోపలికీ వద్దు.

నడుమ అరిగిన దుప్పటికి ఒక పాత ఉపాయం ఉంది. నిలువునా నడిమికి చింపి, గట్టిగా ఉన్న రెండు పక్క అంచులను తెచ్చి నడుమ కలిపి కుట్టాలి. అరిగిన భాగం అంచులకు పోతుంది, అక్కడ మడిచి కుట్టేస్తే దుప్పటికి రెండో ఆయుష్షు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బట్టకు రేషన్ పెట్టిన బ్రిటన్‌లో ప్రభుత్వమే 1943లో పాతబట్టల మరమ్మతు మీద ఒక చిన్న పుస్తకం వేసి ప్రజలకు ఇలాంటివి నేర్పింది. మనకు ఎవరూ పుస్తకం వేయలేదు. ఇళ్లలో ఆడవాళ్లే ఒకరి చేయి చూసి ఒకరు నేర్చుకున్నారు.

రంగు వదులుతుందా అన్నది కుట్టకముందే చూడాలి. తెల్లని తడిగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దండి. రంగు అంటితే ఆ చీరను వేరుగా ఉతుకుతూ, రంగు ఆగేదాకా పక్కన పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే తాత తెల్లధోతి గులాబీ రంగుకు మారుతుంది. బొంత వెనకవైపుకు కొత్త బట్ట కొంటే దాన్ని ముందే ఒకసారి నానబెట్టి ఉతకండి. పాత నూలు ఇక కుదించుకుపోదు, కొత్తది కుదించుకుపోతుంది. రెండూ కలిపి కుట్టాక అది లాగేస్తే బొంతంతా ముడతలు పడుతుంది.

మరకల గురించి ఎక్కువ దిగులు వద్దు. పసుపు మరకను ఎండే తీస్తుంది, పసుపులోని రంగు వెలుతురుకు ఆగదు. ఉతికి తడిగా ఉండగానే ఎండలో పరిచి, మళ్లీ తడిపి మళ్లీ పరవండి. సందుగ ఇనుము అంటిన తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు, కొంచెం ఎండ చాలు. నిల్వ ఉండి పసుపుబారిన తెల్లబట్టను వాషింగ్ సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. ఇవన్నీ నూలుకు. పట్టుకు కుంకుడు రసం, నీడ, అంతే. బ్లీచింగ్ పౌడర్‌ను పట్టు, ఉన్ని దరిదాపులకు రానివ్వొద్దు. ఇంకా కొన్నాళ్లు దాచాలనుకుంటే గంజి పెట్టి దాచకండి. ఆ గంజి కోసమే సన్నని వెండిరంగు పురుగు వస్తుంది. ప్లాస్టిక్ కవరు కంటే ఉతికిన మల్‌మల్ గుడ్డలో చుట్టడం మేలు. రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి.

పాత పట్టుచీర సంగతి వేరు. నిజమైన జరీ అంటే పట్టుపోగు మీద చుట్టిన వెండితీగ, దానికి బంగారు పూత. స్టీలు సామాన్ల బండి ఆ చీర అడుగుతోందంటే అది ఆ వెండి కోసమే. జరీ నల్లబడినా అంచు గట్టిగా ఉంటుంది. మడతల్లో చీలిన పట్టును దేనికీ సాగదీయకుండా, అంచు, కొంగు వేరు చేసి కొత్త నూలు చీరకు అతికించుకోవచ్చు, మనుమరాలికి లంగా అంచుగా వేయొచ్చు. పట్టును బొంత పైపొరగా పెట్టాలనే కోరిక కొందరికి ఉంటుంది. అప్పుడు వెనక మల్‌మల్ ఆసరా ఇచ్చి కుట్టాలి. అది అతిథులు వచ్చినప్పుడు మంచం మీద పరిచే బొంత అవుతుంది, వారం వారం ఉతికేది కాదు.

పది వేల టాకాలు

బొంత కుట్టే కాలం ఎండకాలం. యాసంగి కోతలైపోయి చేతికి తీరిక దొరుకుతుంది, ఉతికిన బట్ట ఒక్క పూటలో ఎండుతుంది. వాకిలి ఊడ్చి చాప పరిచి, దాని మీద అన్నిటికంటే గట్టి చీరను అడుగున వేయాలి. మిగతా పొరలు దాని మీద, మంచిది మళ్లీ పైన. నలుగురు నాలుగు మూలలు పట్టి లాగి, ముడత లేకుండా చూసుకుని, ముందుగా జానెడు దూరంలో కచ్చాకుట్టు వేయాలి. ఈ కచ్చాకుట్టు దగ్గరే చాలామంది తొందరపడతారు. అది సరిగ్గా పడకపోతే లోపలి పొర ఎక్కడో ముద్దకట్టి, ఆ ముద్ద బొంత ఉన్నన్నాళ్లూ వీపుకు తగులుతుంది.

దారం విషయంలో ఒకటే సూత్రం: దారం బట్ట కంటే బలంగా ఉండకూడదు. నైలాన్ దారంతో కుడితే అది తెగదు, చుట్టూ ఉన్న పాత నూలును కోస్తుంది. నూలు దారమే మంచిది. తెగితే దారం తెగుతుంది, దాన్ని మళ్లీ కుట్టుకోవచ్చు. మూరకు మించి పొడుగు దారం తీసుకుంటే ముడులు పడతాయి. సూది కిందికి దిగి పైకి తేలే మామూలు టాకా చాలు, వడ్లగింజంత పొడుగు. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్లు.

ఒక్కసారి లెక్క వేయండి. ఇద్దరు కప్పుకునే బొంత 2.3 మీటర్ల వెడల్పులో రెండు వేళ్లకు ఒకటి చొప్పున యాభై అయిదుకు పైగా వరసలు పడతాయి. ఒక్కో వరస 2.7 మీటర్లు. మొత్తం నూట యాభై మీటర్ల కుట్టు. వడ్లగింజంత టాకా, మళ్లీ అంతే ఖాళీ అనుకుంటే దగ్గర దగ్గర పది వేల టాకాలు. పక్కింటి ఆమెతోనో, ఊరూరా తిరిగి బొంతలు కుట్టే ఆడవాళ్లతోనో కుట్టించుకునేవారు కూలి మాట్లాడేటప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. అన్ని పొరల్లోంచి పది వేలసార్లు సూది నెట్టిన చేతికి వంద రూపాయలు తగ్గించమని బేరమాడడం నాకు నచ్చదు.

కుట్టుమిషన్ మీద కుట్టొచ్చా అని అడుగుతారు. మూడు పొరలదాకా కుట్టొచ్చు, 16 నంబరు సూది వేసి, టాకా పొడుగు పెంచి. అంతకు మించితే పైపొర ముందుకు, అడుగుపొర వెనక్కు జరుగుతూ మెలిపడుతుంది. జరీ ఉన్న చోట సూది విరుగుతుంది. బొంత పెద్దదైతే మిషన్ చేయి కింద పట్టదు కూడా. అతుకులు మిషన్ మీద వేసుకుని, పొరలు కలిపే కుట్టు చేత్తో వేసుకోవడం మంచి రాజీ.

ముక్కల బొంతకు ఒక జాగ్రత్త చాలు: ప్రతి ముక్కనూ పోగు వెంట నిలువుగానో అడ్డంగానో కోయాలి. వాలుగా కోసిన ముక్క సాగుతుంది, సాగిన ముక్క పక్కదాన్ని లాగుతుంది. కామారెడ్డి జిల్లా పడమటి అంచున మద్నూర్, జుక్కల్ అవతల మహారాష్ట్ర, కర్ణాటక మొదలవుతాయి. మన బొంత అక్కడ గోధడి అవుతుంది, కౌది అవుతుంది. పని ఒకటే, వరసలు నడిపే తీరు మారుతుంది. నిలువు వరసలు కొందరివి, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టుకుంటూ నడుమకు చేరేవి కొందరివి. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది జాతి ఆడవాళ్లు ఇలా అంచు నుంచే కుట్టుకొస్తారు, నాలుగు మూలల్లో మడిచిన గుడ్డతో ఫూల అనే చిన్న పువ్వులు వేస్తారు. అవి లేకుంటే వాళ్ల లెక్కలో ఆ బొంత పూర్తయినట్టు కాదు.

బెంగాల్‌లో మన బొంతలాంటి కాంథాలో కుట్టే దారం కూడా పాత చీర అంచుల నుంచి లాగిందే. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో గురుసదయ్ దత్ అనే ఐసీఎస్ అధికారి ఊళ్లు తిరిగి వాటిని సేకరించకపోతే, కోల్‌కతాలో ఆయన పేరున్న మ్యూజియంలో ఆ కాంథాలు ఉండేవి కావు. జపాన్ ఉత్తర కొసన అఒమోరి ప్రాంతంలో చలికి పత్తి పండదు. అక్కడి రైతులు ఒక్కో నూలు ముక్కను తరాల తరబడి అతికి, కుట్టి వాడారు. బోరో అనే ఆ బట్టలు పేదరికానికి గుర్తని వాళ్ల పిల్లలే దాచేశారు. తనాకా చూజాబురో అనే ఆయన ఇల్లిల్లూ తిరిగి పోగుచేశాక అవి 2019 దాకా టోక్యోలోని ఒక మ్యూజియంలో కొలువై ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళితే బౌద్ధ భిక్షువులు కట్టే చీవరం అనే వస్త్రం ఉంది. దాన్ని ముక్కలు అతికి కుట్టాలని నియమం. మగధ వరిమళ్లను, గట్లను చూపించి ఆ తీరుగా చీవరం కుట్టగలవా అని బుద్ధుడు అడిగితే ఆనందుడు కుట్టి చూపించాడని వినయపిటకం చెబుతుంది. పోచారం ఆయకట్టు కింద ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వరిమళ్లను గట్టు మీద నుంచి చూసినవాళ్లకు ఆ నమూనా ఏమిటో వివరించనక్కరలేదు. అతుకుల బొంత కప్పుకోవడం లేమికి గుర్తని మన దగ్గర ఇప్పటికీ కొందరు సిగ్గుపడతారు. పడనక్కరలేదు.

అయితే అన్నిటినీ కత్తిరించవచ్చనుకోవద్దు. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట మండలాల తండాల్లో లంబాడా అవ్వల పెట్టెల్లో ఇంకా ఫేటియా లంగాలు, కాంచళి రవికెలు, తలమీద వేసుకునే టుక్రీలు ఉన్నాయి. అద్దాలు, గవ్వలు, పాత నాణేలు కుట్టినవి, నీళ్లబిందె కింద పెట్టుకునే చుట్టకుదుర్లు, వాటి వెనక వేలాడే కుట్టుపని గుడ్డలు ఉన్నాయి. ఇప్పటి ఆడపిల్లలు వాటిని తీజ్ పండుగ రోజున, పెళ్లిళ్లలో తప్ప కట్టడం లేదు. వ్యాపారులు వచ్చి వాటిని కొంటారు, ముక్కలు చేసి దిండు గలీబులు, సంచులు, గోడకు వేలాడే పటాలు కుట్టించి నగరాల్లో పెద్ద ధరకు అమ్ముతారు. ఇక్కడ నా మాట గట్టిగానే చెబుతాను: వాటి మీద కత్తెర పెట్టొద్దు, పెట్టనివ్వొద్దు. మామూలు నూలు చీర మగ్గం మీద ఒకేలాంటివి ఎన్నో నేసిన వాటిలో ఒకటి. ఫేటియా ఒక్కటే ఉంటుంది, దాన్ని కుట్టిన చేతి వరస ఇంకో చేతికి రాదు. అదుముడు పడకుండా పరిచి, గుడ్డలో చుట్టి, ఎవరు కుట్టారో ఏ తండాలో కుట్టారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. అమ్మక తప్పని పరిస్థితి వస్తే, ముక్కలు చేసి అమ్మేవాడికి కాకుండా మొత్తంగా ఉంచుకునేవాళ్లకు అమ్మే వీలుందేమో ముందు చూడండి.

గొంగడిని కూడా బొంతలో కలపకండి. ఉన్నిని చిమ్మట తింటుంది, నూలును తినదు. రెండూ కలిపి కుడితే ఉన్ని పోయి మధ్యలో బోలు మిగులుతుంది.

బొంతకు చాలని ముక్కలు చాలా మిగులుతాయి. వాటికి ఇంట్లో పని ఎప్పుడూ ఉంది. జొన్నరొట్టెలు చుట్టి పెట్టే బట్టకు ధోతి ముక్క శ్రేష్ఠం, ఆవిరిని పీల్చి రొట్టెను మెత్తగా ఉంచుతుంది. వడియాలు పెట్టడానికి, పొడులు వస్త్రకాయితం పట్టడానికి పలచబడ్డ ధోతే కావాలి. మరీ అరిగింది దీపం వత్తులకు. నాలుగు పొరలు వేసి అడ్డదిడ్డంగా కుడితే వేడిగిన్నె దించే మసిబట్ట. అది నూటికి నూరుపాళ్లు నూలుదై ఉండాలి, పాలిస్టర్ మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. షోలాపూర్ చెద్దరు మందంగా ఉంటుంది కాబట్టి అంగడి సంచికి, తలుపు దగ్గర పట్టాకు బాగా ఆగుతుంది. 2022 చివరి నుంచి దేశంలో 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. అయినా కూరగాయల బండ్ల దగ్గర అవే ఎగురుతున్నాయి. ఒక్క చెద్దరు నుంచి అరడజను సంచులు వస్తాయి. సంచి పిడిని అంచుకు కుట్టి వదిలేయకుండా, అడుగు నుంచి చుట్టి వచ్చేలా పట్టీలాగా వేస్తే బరువుకు ఊడదు.

నెలసరికి పాత నూలు వాడడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే, చెప్పుకోవడానికి మొహమాటపడతారు. బట్ట తప్పు లేదు. దాన్ని చీకటి మూలన, ఇంకో బట్ట కింద దాచి ఆరేయడంలో తప్పుంది. సబ్బుతో ఉతికి, నేరుగా ఎండలో పూర్తిగా ఆరిస్తేనే అది శుభ్రం. 1999లో అంశు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ దేశమంతటి నుంచి పాతబట్టలు తెచ్చుకుని, మంచివి వేరు చేసి, మిగిలిన నూలుతో నెలసరి ప్యాడ్లు, బొంతలు కుట్టిస్తోంది. ఆ పనికి ఆయనకు 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. కామారెడ్డి జిల్లాలో ప్రతి ఊళ్లో మహిళా సంఘాలున్నాయి, కుట్టుమిషన్ శిక్షణలు జరుగుతుంటాయి. ఆ శిక్షణల్లో కొత్తబట్టతో జాకెట్లు నేర్పినట్టే పాతబట్టను పరీక్షించడం, బొంత కుట్టడం ఒక వారం నేర్పితే ఎంత బాగుంటుంది.

కుటుంబంలో నలుగురు పిల్లలుంటే అవ్వ చీరలు ఎవరికి అన్న తగవు వస్తుంది. ఒక్కో చీర నుంచి నాలుగు జానెడు పట్టీలు తీసి, నలుగురికీ నాలుగు బొంతల పైపొరల్లో వేస్తే ఎవరి బొంతలోనైనా అన్ని చీరలూ ఉంటాయి. వెనకవైపు మూలన అవ్వ పేరు, ఊరు, కుట్టిన ఏడాది దారంతోనే రాయండి. సిరా ఉతుకులో పోతుంది.

బొంతను ఏడాదికి రెండుసార్లు ఉతికితే చాలు, మధ్యలో నెలకోసారి ఎండలో వేయాలి. తడిస్తే అది చాలా బరువెక్కుతుంది. తీగ మీద వేలాడదీస్తే ఆ బరువుకు కుట్లు సాగుతాయి. మంచం మీదనో, రెండు తీగల మీద సమంగానో పరిచి ఆరేయాలి. ఒక వరస ఊడితే అదే రోజు కుట్టండి, పక్క వరసలు దాని బరువు మోయలేవు.

ఇక మూటలో మిగిలిన పాలిస్టర్ చీరలు. వాటిని బొంతలో దూర్చొద్దు, లోపలి పొరగా కూడా వద్దు. జారుతాయి, గాలి ఆడనివ్వవు, సూది రంధ్రాలు పెద్దవవుతాయి. కానీ అవి నీళ్లకు చెడవు, త్వరగా ఆరతాయి, గట్టివి. అంగుళంన్నర వెడల్పు పట్టీలుగా చింపి, మూడు పాయలుగా జడ అల్లి, ఆ జడను గుండ్రంగా చుట్టి కుడితే స్నానాలగది ముందు వేసే పట్టా అవుతుంది. ఒక పట్టాకు రెండు మూడు చీరలు పడతాయి. ట్రాక్టర్ సీటుకు, మోటారు సైకిల్‌కు, కూలర్‌కు కవర్లు కుట్టుకోవచ్చు. నవారు బదులు పట్టీలు పేని మంచం అల్లుకోవచ్చు. చేనికి కంచె కట్టాల్సి వస్తే కూడా వీటినే కట్టండి. నూలు చీరలు ఇంట్లోనే ఉండనివ్వండి.